లెక్కకెక్కిన ఊరు

బెజవాడ నుండి చెన్నపట్టణము పోవు రైలుదారిలో, బాపట్ల దాటిన తరువాత, చీరాల ఇంకను కొద్ది మైళ్ళున్నదనగా, మెయిలు బండ్లు ఆగక దూసికొనిపోవు చిన్న స్టేషనొకటి కలదు. పాడులును, పూడులును, పల్లెలును, పాలెములును వరుసగా వచ్చిపోవు ఆ దారిలో, పలకమీది పేరు చదువగానే ఇది మన తాతలు పెట్టిన పేరు కాదని తోచునది అదియొక్కటే: స్టువర్టుపురం. చుట్టును ఇసుకనేలల వేరుసెనగ చేలు, జీడిమామిడి తోపులు, నడుమ నడుమ సరుగుడు తోటలు, తూర్పున చూపునకందని దూరమున సముద్రము. చూచుటకు నెమ్మదియైన ప్రదేశమే. అయినను నా చిన్నతనమున మా ఇంటివారితో ఆ దారిని పోవునప్పుడు, బండి ఆ స్టేషనులో నిలిచినంతసేపు కిటికీరెక్కలు దించుకొనుడనియు, మెడలోని గొలుసులపై పైటచెంగు కప్పుకొనుడనియు పెట్టెలోని పెద్దలు ఒకరినొకరు హెచ్చరించుకొనుట వింటిని. ఈతబుట్టలో కోడిపిల్లలను పెట్టుకొని ఎదుటి బల్లమీద కూర్చున్న ఒక ముసలమ్మ ఆ మాటలు వినియు విననట్లు బయటికి చూచుచుండి, బండి నిలువగానే బుట్ట నెత్తికెత్తుకొని దిగిపోయెను. పెక్కేండ్ల తరువాత ఆ ఊరి చరిత్ర చదువ మొదలిడినపుడెల్ల నా కన్నులయెదుట నిలిచినది ఆమె ముఖమే.

ఆ పలకమీది పేరు హెరాల్డు ఆర్థరు స్టువర్టు అను ఆంగ్లేయాధికారిది. ఆయన 1891వ సంవత్సరపు జనాభా లెక్కలను మద్రాసు రాజధానిలో నడిపించినవాడు. పిమ్మట పోలీసు వ్యవహారములలో ఆరితేరి, 1904లో హిందూదేశమునకంతటికిని నేరముల ఆరా తీయు కేంద్రశాఖ ఏర్పడినపుడు దానికి మొదటి డైరెక్టరైనవాడు. తరువాత మద్రాసు గవర్నరుగారి కార్యనిర్వాహక సభలో సభ్యుడును, సర్ బిరుదాంకితుడును ఐనవాడు. జనులను ఎంచుటయు, జనులను కనిపెట్టియుండుటయు రెండును ఒక్క మనుష్యుని ఉద్యోగజీవితములో ఇట్లు ఒకదాని వెనుక నొకటిగా అమరెను. ఆయన పేరనే వెలసిన ఊరిలో ఆ రెండు పనులును కలిసి ఒక్కటే పనియైనవి. ఒక చిన్న సముదాయమున జనమెందరు, వారి రాబడి యెంత, వారు ఏ జాతివారు అను మూడు ప్రశ్నలను ఇతర చోట్ల ఒక గుమాస్తా వచ్చి వాకిట నిలిచి అడిగి వ్రాసికొని పోవును. ఈ ఊరిలోనో, ఊరు పుట్టకముందే ఆ మూడింటికిని జవాబులు వ్రాయబడియుండెను. ఆ వ్రాతను బట్టి ఊరు కట్టబడెను.

ఎరుకలవారు ఈ ఊరి మూలజనము. ఏకలవ్యుడు తమ కులపురుషుడని వారు చెప్పుకొందురు. తెలుగు ఇండ్లలో ఎరుకలసాని యనగా చేత బెత్తము, చంకను బుట్ట, నోట సోది గల స్త్రీరూపము వెంటనే తలపునకు వచ్చును. సాక్షాత్తు శ్రీనివాసుడే పద్మావతి కొరకు ఎరుకలసాని వేషము ధరించి ఆకాశరాజు నగరమునకు వెళ్ళెనని తిరుపతి కథ చెప్పు ప్రతి ముత్తైదువకును తెలియును. కాని సోది వారి బ్రతుకులో ఒక పాలు మాత్రమే. బుట్టలల్లువారు, కరివేపాకు అమ్మువారు, నేతగాండ్రకు కుంచెలు కట్టువారు, పందులను మేపువారు, పరికముగ్గులు వేయువారు అని ఎన్నియో శాఖలుగానున్న ఆ జనములో, ఒకప్పుడు సంఖ్యచేతను రాబడిచేతను పేర్కొనదగినవారు ఉప్పు ఎరుకలవారు. ఈ వ్యాసమునకు ప్రాణము వారి ఉప్పే కనుక అచ్చట కొంత నిలువక తప్పదు.

గుంటూరు సీమ పటమును ఎదుట పెట్టుకొన్నచో తూర్పున చినగంజాము మొదలగు తావుల ఉప్పుమళ్ళు, పడమట పలనాడు, వినుకొండ, మార్కాపురము, కంభము, వాని ఆవల నల్లమల కనుమలు కానవచ్చును. సముద్రము ఉప్పునిచ్చును గాని ఉప్పు తానై నడిచి పోదు. నడుమ నున్నది నల్లరేగడి. నాలుగు చినుకులు పడినచో బండిచక్రము ఇరుసు దాక దిగబడునట్టి నేల. అచ్చట పెరికె వేసిన ఎద్దును, గాడిదయును మాత్రమే నడువగలవు. ఎరుకలవారు కుటుంబములతో, కుక్కలతో, వంటకుండలతో కూడ ఉప్పుపెరికెలను తోలుకొని, ఊరూర దిగుచు, ఉప్పునకు మారుగా జొన్నలు, కొర్రలు, చింతపండు, మిరపకాయలు కొలిపించుకొని, వానిని మరల తూర్పునకు తెచ్చి అమ్మెడివారు. పలనాటిలో పుట్టిన మా నాయనమ్మ ఆ రాకను గూర్చి చెప్పుచుండెడిది: ఊరి వెలుపల చింతలక్రింద గాడిదలను విప్పగానే ఇంటింటినుండి ఆడువారు చేటలతో జొన్నలు పట్టుకొని పోవుటయు, ఎరుకల స్త్రీ సోలతో ఉప్పు కొలిచి, కొలత ముగిసిన తరువాత ఇంకొక పిడికెడు కొసరుగా చల్లుటయు, ఆ కొసరు కొరకు ఆడువారు బేరమాడుటయు ఆమె కన్నులకు కట్టినట్లు వర్ణించెడిది. పరదేశులని వారిని ఆ ఊరిలో ఎవ్వరును తలపలేదు. ఏటికి రెండుమారులు రావలసినవారు రాకున్న ఊరు ఎదురుచూచెడిది.

1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు జిల్లాను తుడిచిపెట్టినంత పని చేసెను. ఐదు లక్షల జనములో లక్షన్నరకు తక్కువ కాకుండ చచ్చిరని నాటి లెక్కలు తెలుపుచున్నవి, డొక్కల కరువని జనులు పెట్టిన పేరు తెలుపనిది ఏదియును లేదు. అట్టి కాలమున ధాన్యము ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చు దారి, బండి, రైలు ఏవియును లేని దేశమునకు పెరికె ఎద్దే దిక్కు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై డెల్టాలో నీరు పారి, జనము పెరిగి, గుంటూరు సీమ తూర్పుభాగము అన్నపూర్ణ యనిపించుకొనెను. మెట్టభాగము మాత్రము వానను నమ్ముకొని పత్తిని, మిరపను, జొన్నను పండించుచు యథాపూర్వముగ నుండెను. తూర్పున పెరిగిన సంపద దారులను తెచ్చెను, దారులు బండ్లను తెచ్చెను, బండ్ల వెనుక రైలు వచ్చెను. బెజవాడ నుండి గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురము, కంభము మీదుగా నల్లమల దాటి గుంతకల్లు చేరు రైలుమార్గము 19వ శతాబ్ది తుదిభాగమున పడినది. ఆ స్టేషన్ల పేర్లను మరియొకమారు చదివిన, ఉప్పుపెరికెలు నడిచిన దారి పేర్లు ఇంచుమించు వరుస తప్పక కానవచ్చును. ఇనుపదారి ఆ మట్టిదారి మీదనే పరుండినది. 1899లో బెజవాడ చెన్నపట్టణముల నడుమ తీరపు రైలు నడువసాగిన తరువాత కొటారు ఉప్పు మూటలు ఎరుకలవాని గాడిదకొరకు కాచియుండవలసిన పని లేకపోయెను.

ఉప్పుపై కుంఫిణీవారి గుత్తాధికారము మద్రాసు రాజధానిలో 1805 నుండియు నున్నదే. దానికి తోడు 1882లో వచ్చిన అడవిచట్టము వెదురునకును, ఈతకును, పశువుల మేతకును సెలవుచీటి అడిగెను. అంతకు ముందే 1876-78 నాటి ధాత కరువు మేత లేని ఎద్దులను చంపి పెరికె వర్తకుల నడుము విరిచియుండెను. ఉప్పు పోయెను, ఎద్దు పోయెను, వెదురు పోయెను, మిగిలినది నడక. పనిలేక నడుచువాడు అధికారి కంటికి దొంగవలె కనిపించుట అన్ని దేశములయందును ఉన్నదే. ఇంగ్లండులోను జిప్సీలను, తిరుగుబోతులను అట్లే చూచిరి. మీనా రాధాకృష్ణగారు 2001లో ప్రకటించిన గ్రంథములో ఈ వర్తకనాశనమునకును, తరువాతి నేరముద్రకును గల సంబంధమును దఫ్తరముల ఆధారముతో చూపిరి. మన ప్రాంతపు చరిత్రను వ్రాయు తెలుగువారు ఆ గ్రంథమును చదువవలసినంతగా చదివినట్లు నాకు కనబడదు.

క్రిమినల్ ట్రైబ్సు చట్టము 1871లో మొదట ఉత్తరదేశమునకై పుట్టి, 1911లో సవరింపబడి మద్రాసు రాజధానికిని వచ్చెను. ఒక మనుష్యుడు చేసిన పనికి గాక, పుట్టిన పుట్టుకకు అతనిని నేరస్థునిగా నమోదు చేయు చట్టమిది. కులము పేరు గజెట్టులో ప్రకటించినంతనే ఆ కులమువారి పేర్లు దాఖలా పుస్తకములోనికి ఎక్కును. పది వ్రేళ్ళ ముద్రలు పడును. ఊరు విడుచుటకు చీటి కావలయును. వేళకు వచ్చి కనబడవలయును. ఆరేండ్లు దాటి పదునెనిమిది నిండని పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుపరచి పాఠశాలలలో పెట్టుటకును అందు అధికారము కలదు. ఇట్టివారిని ఒక్కచోట కూర్చి కాపురముంచు ఏర్పాటునకు సెటిల్మెంటు అని పేరు. ఆ మాట మన పల్లెలయందు నేటికిని 'సెటిల్‌మెంటు' గానే నిలిచియున్నది. దానికి తెలుగుమాట పుట్టకపోవుట ఒక విధముగ మంచిదే, అది మన పదము కాదు.

సెటిల్మెంటు నడుపుటకు సర్కారు సాల్వేషన్ ఆర్మీని పిలిచెను. 1865లో లండనులో విలియం బూత్ స్థాపించిన ఆ క్రైస్తవ సంస్థకు, బీదలను పట్టణపు మురికివాడల నుండి లేవదీసి పొలముల మీద కష్టముచేత బాగుపరుపవచ్చునను గట్టి నమ్మకము ఉండెను. ఇంగ్లండులోని ఎసెక్సులో అట్టి వ్యవసాయ కాలనీని 1891లోనే నెలకొల్పిరి. ఆ సంస్థను హిందూదేశమునకు 1882లో తెచ్చిన ఫ్రెడరికు టక్కరు ఐ.సి.ఎస్. ఉద్యోగము వదలి, కాషాయవస్త్రములు కట్టి, ఫకీరు సింగ్ అని పేరు పెట్టుకొని కాలినడకను తిరిగిన విచిత్ర పురుషుడు; బూత్ కుమార్తెను పెండ్లాడి బూత్ టక్కరైనవాడు. ఆయన దయను నేను శంకింపను. అయినను రోగిని అడుగకుండ ఇచ్చు మందు వంటి దయ అది; రోగము పేరును వైద్యుడే పెట్టెను, పథ్యమును వైద్యుడే నిర్ణయించెను, వాకిట పోలీసును కూర్చుండబెట్టెను. 1913లో బాపట్ల తాలూకాలో స్టువర్టుపురం వెలసెను. కృష్ణ ఒడ్డున సీతానగరము, నెల్లూరు జిల్లాలో కావలి, కర్నూలు జిల్లాలో సిద్ధాపురము అదే కోవలోనివి.

ఆ 1913వ సంవత్సరమును గూర్చి ఒక్కమాట చెప్పక ముందుకు సాగలేను. ఆ యేడు మే నెలలో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. బయ్యా నరసింహేశ్వర శర్మగారు అధ్యక్షులై యుండగా ఆంధ్రులెవరు, వారెందరు, వారికి ప్రత్యేక రాష్ట్రమేల కూడదని పందిరిక్రింద చర్చించిరి. మన జాతికి తనను తాను లెక్కపెట్టుకొనవలెనను బుద్ధి పుట్టిన శుభఘడియ యది. సరిగ్గా అదే యేట, అదే తాలూకాలో, మరికొందరు తెలుగుసీమవారిని మరియొకరు లెక్కపెట్టి కంచెలోపల చేర్చుచుండిరి. రెండు లెక్కలకును నడుమ దూరము కొద్ది మైళ్ళు మాత్రమే.

ఆ లెక్క ఎట్టిదో దగ్గరగా చూడవలయును. ఆ కాలమున జనాభా లెక్క ఒక రాత్రి జరిగెడిది. హాజరు లెక్క నిత్యము జరిగెడిది. నమోదైన మగవాడును ఆడుదియు మేనేజరు ఎదుట నిలిచి పేరు పిలిచినపుడు పలుకవలయును. రాత్రివేళ కూడ ఉన్నాడా లేడాయని చూచుట కలదు. చుట్టపుటూరిలో పెండ్లియైన, చావైన, చీటి లేనిదే కదలరాదు. చీటిలో పోవు ఊరు, తిరిగివచ్చు దినము వ్రాసియుండును. దారిలోని ఊరి పెద్దకు దానిని చూపి నమోదు చేయించుకొనవలయును. పెండ్లిలో తలంబ్రాలు మరియొక గంట ఆలస్యమైనచో ఆ గంటకు శిక్ష. వందల ఏండ్లుగా పౌర్ణమికి ఒకచోటను, అమావాస్యకు ఒకచోటను పొయ్యి వెలిగించిన జనము, పిలుపునకు 'ఉన్నాను' అని పలుకుటయే బ్రతుకుగా చేసికొనవలసి వచ్చెను.

జాతినిర్ణయము ఇంకను చిత్రమైనది. ఆ దినములలో మనుష్యుని తెలిసికొనుటకు కొలబద్ద ఉండిన చాలునని పండితులు నమ్మిరి. 1901 జనాభా లెక్కలకు అధికారియైన రిస్లీ ముక్కుల వెడల్పును బట్టి కులముల అంతస్తులను కట్టజూచెను. చెన్నపట్టణపు మ్యూజియము అధికారి ఎడ్గారు థర్‌స్టను, రంగాచారిగారి సాయముతో, దక్షిణదేశపు కులములను గూర్చి ఏడు సంపుటముల గ్రంథమును 1909లో ప్రకటించెను. ఆయన తలలను, ముక్కులను కొలుచు పటకారును వెంటబెట్టుకొని తిరిగినవాడు. ఆ సంపుటములలో మన తాతల ఆచారములు ఎన్నియో భద్రమైనవి, అందుకు కృతజ్ఞత చూపవలసినదే. కాని ఒక కులము దొంగతనమునే వృత్తిగా గలదని ఒక పుటలో అచ్చైన వాక్యము తరువాతి పోలీసువానికి ప్రమాణవాక్యమగును, అతని నివేదిక మరల వచ్చు గ్రంథమునకు ఆధారమగును. ఈ విధముగ ఒక వదంతి రెండు పుస్తకముల నడుమ తిరిగి తిరిగి శాస్త్రమైనది.

నిజమునకు సెటిల్మెంటులో చేరినవారు ఒక్క జాతివారుగా ఎన్నడును బ్రతికియుండలేదు. వేర్వేరు తావుల నుండి, వేర్వేరు శాఖల నుండి తెచ్చి చేర్చిన కుటుంబములవి. ఉప్పువారు, దబ్బలవారు, కుంచెలవారు ఒకరి ఇంట నొకరు పిల్లనిచ్చి పుచ్చుకొనుటకే సందేహించెడు కాలములో, వారందరిని ఒక్క కొట్టము వరుసలో నిలిపి ఎరుకలయను ఒక్క పేరు పెట్టిరి. తమలో తాము మాటలాడుకొను కుర్రుభాష, అరవమునకు దగ్గరియై, నడచిన దారులవెంట తెలుగు కన్నడములను కలుపుకొనినది, వారిని కలిపెను. కంచె మిగిలిన పని చేసెను. ప్రార్థనామందిరము వెలసినది, పిల్లలకు యేసేబు, మరియమ్మ, సమూయేలు అని పేర్లు పడినవి, వాని ప్రక్కనే అంకమ్మ, పోలేరమ్మ, నాగేశ్వరుడు నిలిచియుండిరి. ఒక్క ఇంట అన్నదమ్ములలో ఒకనికి బైబిలు పేరు, మరియొకనికి గ్రామదేవత పేరు ఉండుట ఈ ఊరిలో నేటికిని వింత కాదు. మతము మారినను షెడ్యూల్డు తెగవారి హక్కులు పోవను నియమము, షెడ్యూల్డు కులములవారికి లేనిది, వీరికి ఉండుటచేత ఈ కలగలుపు దాచుకొనవలసినది కాలేదు.

ఇక రాబడి. వ్యవసాయముచేత వారిని బాగుపరుపుదుమని మొదటి సంకల్పము. ఇచ్చిన నేలలో పల్లపు చవుడు చాలభాగము; నాగలి పట్టి యెరుగని చేతులు దానిని సాగునకు తెచ్చుటకు పట్టు ఏండ్లలో కడుపు నిండవలెను గదా. అప్పటికి గుంటూరు సీమలో కొత్త పంట ఒకటి తల యెత్తుచుండెను. బ్యారన్లలో కాచెడు వర్జీనియా పొగాకు 1920 తరువాత ఈ నల్లనేలను ఆక్రమించెను; చీరాలలో ఐ.ఎల్.టి.డి. కంపెనీవారి కార్ఖానా పెరిగెను. దాని పొగగొట్టము చూచి చుట్టుప్రక్కల ఊళ్ళవారు పొద్దు చెప్పుకొనుచుండిరి. ఆకు ఏరుటకు, ఈనె తీయుటకు, రంగును బట్టి వేరుచేసి కట్టలు కట్టుటకు ఆ కార్ఖానాకు వేల చేతులు కావలసియుండెను. సెటిల్మెంటులో చేతులుండెను, పైగా ఆ చేతులు కూలి చాలదని వేరొక ఊరికి పోలేనివి. తెల్లవారుజామున గుంపుగా బయలుదేరి పోవుటయు, పొద్దు క్రుంకిన తరువాత పొగాకు ఘాటు జుట్టులోను, చీరలోను పట్టియుండగా గుంపుగా తిరిగివచ్చుటయు వారి దినచర్య యాయెను. ఆ ఘాటు అన్నపు ముద్దలో కూడ తగులునని పొగాకు గ్రేడింగునకు పోయిన ఏ కులపు స్త్రీయైనను నేటికిని చెప్పును. ఇంతకును అది రొక్కపు కూలి. పెరికె వర్తకము పోయిన తరువాత ఆ కుటుంబములు నమ్మకముగ చూచిన మొదటి డబ్బు అదియే యనవచ్చును. కంపెనీని గూర్చి ఆ ఊరి పెద్దలలో కృతజ్ఞతయు, కసియు ఒక్క వాక్యములోనే వినబడుటకు కారణమదియే.

ఆ చీరాలలోనే 1921లో మరియొక ఘట్టము నడచెను. పురపాలక సంఘము పన్నులను ఒప్పని చీరాల పేరాల జనులు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై ఇండ్లు విడిచి, ఊరి పొలిమేరను రామనగరమను పేర పాకలు వేసికొని, ఎండకును వానకును ఓర్చి పదునొకండు నెలలు కాపురముండిరి. ఊరు విడుచుటయే వారి ఆయుధము. తెలుగుజాతి గర్వపడవలసిన ఆ కథను మనము బడిలో చదివితిమి, మన పిల్లలు చదువుచున్నారు. ఆ పాకలకు కొద్ది మైళ్ళ యెడమున ఉన్న మరియొక వాడలో, ఊరు విడుచుటకు ఎవరికిని అధికారము లేదను సంగతి ఆ పాఠములో ఉండదు. ఉండవలెనని నా కోరిక.

1930లో ఒంగోలు ప్రాంతపు దేవరంపాడులో ఉప్పు సత్యాగ్రహపు శిబిరము వెలసెను. ప్రకాశం పంతులుగారు, కొండా వెంకటప్పయ్య పంతులుగారు వంటి పెద్దలు ఉప్పు కొరకు జైళ్ళకు పోయిరి. ఉప్పును మొదట పోగొట్టుకొన్నవారు అప్పటికి పదునేడేండ్లుగా హాజరు పలుకుచునే యుండిరి. 1936లో నెల్లూరికి వచ్చిన జవహర్లాలు నెహ్రూ క్రిమినల్ ట్రైబ్సు చట్టమును బహిరంగముగ ఖండించెను. మద్రాసు ప్రభుత్వము 1947లో దీనిని కొట్టివేసెను. తిరుచానూరు బిడ్డయైన అనంతశయనం అయ్యంగారి సంఘము దేశమంతట విచారించి వ్రాసిన నివేదిక ననుసరించి 1952 ఆగస్టు 31న భారతదేశమందెల్లడ రద్దయ్యెను. అయిదేండ్లు ముందుగా దేశమునకు వచ్చిన స్వాతంత్ర్యమును దేశపు కొందరు బిడ్డలు ఇంత ఆలస్యముగ అందుకొనిరి. అంతలోనే 1948 నాటి అలవాటు నేరస్థుల చట్టము వచ్చియుండుటచేత, పుస్తకము అట్ట మారినను లోపలి పేర్లు చాలవరకు మారలేదు. ఎక్కడ దొంగతనము జరిగినను పోలీసువారు మొదట ఈ ఊరికి వచ్చుటయు, దొరికిన పడుచువానిని పట్టుకొని పోవుటయు తరువాత ముప్పది యేండ్లు సాగినవి. అందరును నిరపరాధులని నేననుట లేదు. దొంగతనమునకు దిగినవారుండిరి, పేరుమోసినవారును ఉండిరి, వారిపై సినిమాలు కూడ వచ్చినవి. కాని పొగాకు కట్టలు కట్టి బిడ్డను చదివించిన తల్లి కథను తెరమీదికి ఎవ్వరును ఎక్కింపలేదు. ఆ ఊరిలో అట్టివారే ఎక్కువ.

1974 ప్రాంతమున ఒక స్త్రీ ఆ ఊరిలో అడుగుపెట్టెను. వినుకొండలో పుట్టిన కవి గుఱ్ఱం జాషువాగారి కుమార్తె హేమలత. అంటరానితనపు మంటను తండ్రి పద్యములలో చూచినది, తన ఒంటిమీద ఎరిగినది. ఆమె భర్త, నాస్తికోద్యమ నాయకుడైన గోరాగారి కుమారుడు లవణము; ఉప్పు సత్యాగ్రహము జరిగిన 1930లో పుట్టుటచేత తండ్రి అతనికి ఆ పేరు పెట్టెను. ఉప్పు పోగొట్టుకొన్నవారి ఊరికి లవణమను పేరుగలవాడు వచ్చుట నేను కల్పించిన చమత్కారము కాదు, జరిగిన సంగతి. ఆ దంపతులు వాడలో ఇల్లిల్లు తిరిగి, స్త్రీలతో కూర్చుండి మాటలాడి, దొంగతనము మానుదుమన్నవారిని వెంటబెట్టుకొని పోయి అధికారుల యెదుట నిలిపి, పాత కేసుల చిక్కులు విప్పించి, భూమియు, ఋణములును, బడులును అడిగిరి. జలగం వెంగళరావుగారి ప్రభుత్వము వారికి తోడ్పడెను. వారి సంస్థ సంస్కార్ ఆ పనిని ఏండ్ల తరబడి చేసెను. హేమలతాలవణంగారు 2008లోను, లవణంగారు 2015లోను గతించిరి.

జనసంఖ్య మాటకు మరల వత్తము. 1931 తరువాత జనాభా లెక్కలలో కులము వారీగా అందరి లెక్కయు చిరకాలము ఆగిపోయినది. తెలుగుదేశమున ఎన్నియో పెద్దకులములవారు తామెందరమో ఊహించుకొని చెప్పుకొనవలసినవారైరి. షెడ్యూల్డు తెగవారగుటచేత ఎరుకలవారి లెక్క మాత్రము నిలిచినది: 2001 నాటి అవిభక్త ఆంధ్రప్రదేశములో వారు 4,37,459 మంది. తమను పట్టుకొనుటకు మొదలైన లెక్క, తరువాత తమకు బడిలో చోటు, కొలువులో చోటు ఇప్పించు లెక్కగా మారుటను చూచిన జనము వారు. ఆ మార్పు ఎల్లరకును సమముగ అందలేదు. స్టువర్టుపురంలో రైల్వేలోను, బ్యాంకులోను, పోలీసు శాఖలో కూడ ఉద్యోగములు చేయువారి డాబా ఇండ్ల ప్రక్కనే, సంక్రాంతి దాటగానే మిరపకోతకు పడమటికి పోవు కుటుంబముల పాకలు కలవు.

ఆ పడమటి చేలలో వారిని చూడవలయును. 1967లో నాగార్జునసాగరపు కుడికాలువకు నీరు వచ్చిన పిమ్మట జొన్నచేలు పత్తిచేలై, మిరపతోటలై, ఫిబ్రవరి మార్చి మాసములలో కల్లములన్నియు ఎర్రని దుప్పట్లవలె నుండును. మంచికాయ నుండి తాలుకాయను వేరుచేయు ఆడువారి వ్రేళ్ళు సాయంకాలమునకు మండి, నీళ్ళు తగిలిన తాళలేవు. కొబ్బరినూనె రాచుకొని, పసిబిడ్డను తాకుటకు ముందు గోడకు చేతులు తుడుచుకొందురు. కాయ మోయుటకు ఒకప్పుడు ఎరుకలవారల్లిన ఈతగంపలే ఉండెడివి; నేడు ప్లాస్టికు టబ్బులు వచ్చినవి. గంప అల్లిన చేయి కూలికి వచ్చి ఆ టబ్బును మోయుచున్నది. ఉప్పు విషయమున రైలు చేసిన పనిని గంప విషయమున ప్లాస్టికు చేసినది. అయితే ఈమారు పనిలేక నడుచువానిని నమోదు చేయు పుస్తకము లేదు, అతడు ఇష్టమైన ఊరికి ఇష్టమైన నాటికి పోవచ్చును. కూలి తక్కువైన మేస్త్రీని విడిచి మరియొక మేస్త్రీతో పోవచ్చును. ఈ స్వేచ్ఛ మనకు చిన్నదిగా తోచవచ్చును గాని చీటిలో తిరిగివచ్చు దినము వ్రాయించుకొన్నవారి మనుమలకు కాదు.

1970లో ఒంగోలు కేంద్రముగ క్రొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం జిల్లాయని పేరు వచ్చినపుడు చీరాల అందు చేరెను, బాపట్ల గుంటూరులో నిలిచెను. స్టువర్టుపురంవారు కూలికి ఒక జిల్లాకును కచ్చేరికి మరియొక జిల్లాకును తిరిగిరి. 2022 ఏప్రిలులో రెండును బాపట్ల జిల్లాలో కలిసినవి. ఊరిపేరు మార్చవలెనను మాట అప్పుడప్పుడు పుట్టుచుండును. మార్చవలెనా యని ఒక పెద్దమనిషిని అడిగితిని. ఆయన కొంచెముసేపు ఊరకుండి, 'పేరు మారిస్తే మా తాత ఏలిముద్ర ఏ ఊరి పుస్తకంలో ఉందని ఎతుక్కోవాలయ్యా' అనెను.

నేను ఆ ఊరికి పోయిన దినమున బడి మొదలగు వేళ. ప్రాథమిక తరగతిలో ఉపాధ్యాయురాలు హాజరు పుస్తకము తెరచి పేర్లు పిలుచుచుండెను. పిల్లలు ఒక్కొక్కరే గొంతు చించుకొని 'ప్రెజెంట్ టీచర్' అని పలుకుచుండిరి, ఒకరిద్దరు తమ వంతు రాకమునుపే పలికి నాలుక కరచుకొనిరి. ఒక పేరునకు బదులు రాలేదు. ఆమె రెండవమారు పిలిచి, ప్రక్కపిల్లవానివైపు చూచి, వాని గడిని ఖాళీగ విడిచి ముందుకు పోయెను. అన్ని పేర్లును ముగిసిన తరువాత గుమ్మములో ఒక కుఱ్ఱవాడు వగర్చుచు నిలిచియుండెను, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకొని, చేతిలో సగము తిన్న ఇడ్లీతో. ఆలస్యమేలయని ఆమె అడుగగా, అమ్మ చీరాల బస్సు ఎక్కువరకు నిలుచుంటినని చెప్పెను. ఆమె 'సరే, తిని చేతులు కడుక్కుని రా' అని, పుస్తకము మరల తెరచి, వాని పేరునకెదురుగా గుర్తు వేసెను.